గడప బయట పాలగిన్నె

“కుడికాలు ముందు పెట్టి రా బిడ్డా,” అంది జానకమ్మ వెనక నుంచి.

రచన కుడికాలు ఎత్తింది. ఎత్తిన కాలు గడప దాటలేదు. తలుపు చట్రానికి అడ్డంగా, తన ఛాతీ ఎత్తున, ఒక చెయ్యి ఉంది.

“జర ఆగు చెల్లె,” అంది సౌందర్య. “ఇది మేముంటున్న ఇల్లు.”

రచన కాలు దించి, చేతిలోని కొత్త ఇత్తడి గిన్నెను గట్టిగా పట్టుకుంది. గిన్నె మెడకు పసుపు దారం, లోపల పాలు. మెట్ల దగ్గర ఆమె భర్త ఉమేష్, చంకలో ఒంటి పొయ్యి స్టవ్వుతో. ఇద్దరి నడుమ ఇంటి ఓనరు జానకమ్మ, పట్టుచీరలో, దేవుని పటాన్ని గుండెకు ఆనించుకుని. జనగామ స్టేషన్ వెనకున్న ఆ అపార్టుమెంటు మూడో అంతస్తులో ఒక క్షణం ఎవరి బరువుతో వాళ్లు నిలబడిపోయారు.

“నువ్వు బడికి పోలేదా టీచరమ్మా?”

“పోలే.”

“పోతదని చెప్పిండే మహేశ్.”

ఆ మాట అనేశాక గాని తను ఏం బయటపెట్టిందో జానకమ్మకు తెలియలేదు.

సౌందర్య తల తిప్పి హాల్లోకి చూసింది. ఇస్త్రీ చొక్కా, భుజాన టిఫిన్ బ్యాగు. భర్త మహేశ్ పొద్దున ఆరింటి నుంచీ ఆ వేషంలోనే ఉన్నాడు. ఉప్పల్‌లో మందుల గోదాములో అతని డ్యూటీ. తల నొస్తోందని పొద్దుటి రైలు వదిలేశాడు. తర్వాతిదీ వదిలేశాడు. మధ్యలో మూడుసార్లు, “నీ దేవరుప్పుల బస్సు పోతది,” అన్నాడు. ఆమె మూడుసార్లూ, “పోత,” అంది. కూతురు బడికి వెళ్లిపోయింది. ఎదుటివాళ్లు ఎప్పుడు కదులుతారా అని ఇద్దరూ ఇంట్లో మిగిలారు.

ఆమెకు నిన్న సాయంత్రమే తెలుసు. వాచ్‌మన్ భార్య లీలావతి మెట్ల కింద ఆపి, “అక్కా, రేపు పొద్దుగాల మీ గడప ముందట పెద్ద ముగ్గెయ్యమన్నది జానకమ్మ. మీ ఇంట్ల ఎవరో పాలు పొంగిస్తరట గదా,” అంది. సౌందర్య ఆ మాటను లోపల పెట్టుకుని పైకొచ్చింది. భర్త తనంతట తాను చెబుతాడేమోనని అన్నం వడ్డించేటప్పుడు చూసింది. పక్క వేసేటప్పుడు చూసింది. చెప్పలేదు. అప్పుడు ఆమెలో ఏదో చల్లబడింది. కోపం వేడిగా ఉంటుందనే అనుకునేది ఇన్నాళ్లూ.

“ఏం కాదమ్మా, జర జరుగు,” జానకమ్మ గొంతు మెత్తబరిచింది. “పది నిమిషాల పని. పాలు పొంగినంక మా తొవ్వ మేం పోతం. నెలాఖరు దాంక మీరే ఉండుండ్రి, వద్దన్నమా? వచ్చే వారంల మూఢం పడ్తది. మళ్ల మాఘం దాంక ఒక్క మంచి దినం లేదు. గందుకని ముందుగాల పొంగిచ్చుకుంటున్నరు పాపం.”

“నెలాఖరు తర్వాత మేమేడ ఉంటం?”

“గది నన్నడిగితె ఎట్ల?”

“మరి ఎవరినడగాలె జానకమ్మా? ఇంటికి తాళం నీదాయె.”

ఉమేష్ స్టవ్వును ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నాడు. “మాకు గివన్ని తెల్వదు మేడమ్. మీరు ఖుషీగ పోతున్నరనే చెప్పిన్రు మాకు.”

“ఖుషీగ పోయేటోళ్లు గిట్లుంటరా అన్నా?”

అతను నేల చూశాడు. నేల మీద లీలావతి వేసిన ముగ్గు ఉంది. దాని మీదే నిలబడ్డానని గ్రహించి ఒక మెట్టు కిందికి దిగాడు.

“సౌందర్యా,” జానకమ్మ ‘టీచరమ్మ’ను వదిలేసింది, “గా చెయ్యి తియ్యి. పక్కింటోళ్లు చూస్తున్నరు. తండల పంచాయితి అనుకున్నవా అడ్డం నిలవడనీకె?”

“తండల గూడ మంది పొయ్యి మీద మంది పాలు పొంగియ్యరు.”

“పొంగిస్తె ఏమైతది? పొయ్యి అరుగుతదా?”

“ఏప్రిల్‌ల నేను పొంగించిన నాడు నువ్వే అన్నవు. ‘పాలు పొంగినయి, ఇగ ఇల్లు నీదే బిడ్డా’ అని. గీ వంటింట్లనే నిలవడి అన్నవు.”

“మాటవరసకు అంటరమ్మా.”

“నేను మాటవరసకు పొంగియ్యలే.”

ఆ రోజు జానకమ్మ పరమాన్నం నోట పెట్టలేదు. ‘ఇంటికి తీసుకపోయి తింట’ అని స్టీలు డబ్బాలో పెట్టించుకుంది. మర్నాడు ఆ డబ్బాను కడిగి తెచ్చింది లీలావతి. ‘మస్తు తియ్యగున్నదక్కా, మా పిల్లలు తిన్నరు’ అంది, ఏ కల్మషమూ లేకుండా. సౌందర్య డబ్బా తీసుకుని గూట్లో పెట్టింది. కొన్ని అవమానాలకు సాక్షులు ఉండరు, తిన్నవాళ్లు మాత్రమే ఉంటారు.

ఆమె చెయ్యి తీసింది. రచన ముఖంలో ఆశ కదిలేలోపే తలుపు దగ్గరికి వేసి, లోపల గొలుసు పెట్టింది.

*

వంటింట్లో మహేశ్ ఆమె వెనకే వచ్చి నిలబడ్డాడు. తర్వాత వాళ్ల మాటలోకి మారాడు. తండా మాట, లంబాడీ. పట్నంలో గోడ అవతల ఎవరైనా వింటారని ఇంట్లో కూడా మానేసిన మాట. బతిమాలేటప్పుడు మాత్రం అతనికి అదే వస్తుంది.

“తెలుగుల మాట్లాడు,” అంది సౌందర్య. “బయటోళ్లు వింటె వినని.”

“ఇజ్జత్ తీస్తున్నవ్.”

“ఎవరిది?”

అతను పొయ్యి గట్టు మీద అరచెయ్యి ఆనించాడు. “పాలే గదా అనుకున్న. నువ్వు బడిల ఉంటవ్. వాళ్లొస్తరు, పోతరు. నీకు తెల్వకనే అయిపోతది.”

“నాకు తెల్వకనే అయిపోతది,” ఆమె ఆ మాటను తిరిగి అంది. తన నోట్లో దాని రుచి ఎలా ఉంటుందో చూడాలన్నట్టు. “ఎప్పుడు చెప్పినవ్ సరేనని?”

“ఐతారం. జానకమ్మ వాళ్ల సేటు దుకాణానికి పిలిచిండు.”

“నేనేడున్న?”

“బట్టలు పిండుతున్నవ్.”

“తడి చేతులున్నదానికి మాట చెప్పొద్దా?”

“చెప్తె గిట్ల చేస్తవనే.”

“గిట్ల అంటే?”

“గిట్లనే. చెయ్యి అడ్డం పెట్టి.” అతను గొంతు తగ్గించాడు. “వాళ్లు పదమూడు వేలు ఇస్తరట. మనమిచ్చేది ఎనిమిది. వాళ్లు హైదరాబాద్‌ల ఇరవై రెండు కట్టొచ్చినోళ్లు. వాళ్లకు పదమూడు సస్తా. మనతోటి అయితదా? మెడలు పట్టి నూకేదాంక ఆగుడెందుకు? మర్యాదగ పోతె సేటే ఇంకో జాగ చూపిస్తడు.”

“మర్యాదగ పోయి పోయి నాలుగిండ్లు మారినం.”

ఏడేళ్లలో నాలుగు ఇళ్లు. మొదట బోడుప్పల్, తర్వాత మేడిపల్లి, తర్వాత ఘట్‌కేసర్, ఇప్పుడు ఇది. ప్రతిచోటా ఒకటే కథ. కిరాయి వెనక నుంచి తరుముతుంటే వాళ్లు వరంగల్ రోడ్డు పట్టుకుని ఒక్కో ఊరు ముందుకు జరిగారు. జనగామ దాకా రాదనుకున్నారు. ఏడాది తిరగకముందే వచ్చేసింది, వాళ్లెక్కిన రైలే ఎక్కి, ఇత్తడి గిన్నె చేత పట్టుకుని.

“ఇగ ముందట ఏమున్నది?” అందామె. “రఘునాథపల్లి. అది గూడ అయిపోతె ఘనపురం. గిట్లనే జరుగుకుంట పోతె మానుకోట దాటి మా అవ్వ ఇంటికే పోతం. అప్పుడు పొద్దుగాల ఎన్ని గంటలకు లేస్తవు రైలుకు?”

మహేశ్ నవ్వబోయాడు. ఆమె నవ్వలేదని చూసి ఆపుకున్నాడు.

అతనికి ఓనర్లంటే భయం అని ఆమె చాలా ఏళ్లు అనుకుంది. భయం కాదని మెల్లగా తెలిసింది. మహేశ్ తండ్రి మాన్‌సింగ్ భూపాలపల్లి బొగ్గు గనిలో పనిచేసి ఉద్యోగం నుంచి దిగిపోయినప్పుడు, కంపెనీ క్వార్టరు ఖాళీ చెయ్యడానికి ఇంకా వారం గడువు ఉంది. మాన్‌సింగ్ ఆగలేదు. సొంత ఖర్చుతో గోడలకు సున్నం వేయించాడు. పెరట్లో తను పెట్టిన బొప్పాయి చెట్లకు ఆఖరిసారి నీళ్లు పోసి, తాళంచెవి తీసుకెళ్లి అప్పజెప్పాడు. ఆఫీసులో ఎవరో, “మాన్‌సింగ్ అసొంటోడు లేడు,” అన్నారట. పక్కనే నిలబడి విన్న పదిహేనేళ్ల మహేశ్ ఆ మాటను ఇప్పటికీ వదల్లేదు. ప్రతి ఇంటి గడప దిగేటప్పుడూ అతను వెనక్కి తిరిగి చూసేది ఇంటిని కాదు. ఎవరైనా ఆ మాట అంటారేమోనని ఓనరు ముఖాన్ని.

సౌందర్య అలాంటి గడపలో పెరగలేదు. గూడూరు అవతల అడవి అంచు తండాలో, తండ్రి పోయిన ఏడాది, పాలివాళ్లు వచ్చి గుడిసె జాగా తమదన్నారు. తల్లి చాందీ ఎవరినీ తిట్టలేదు. పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కాలుస్తూనే ఉంది. వాళ్లు అరిచి అరిచి అలసిపోతే తలా ఒక రొట్టె చేతిలో పెట్టింది. రొట్టె తిన్నవాళ్లు ఆ పొయ్యి ఎవరిదని మళ్లీ అడగలేదు.

ఆ తెగువ తనకు రాలేదనుకునేది సౌందర్య. చదువుకుంటే పోయిందేమో అనుకునేది.

“ఇంకేమన్న చెప్పేదుంటె ఇప్పుడే చెప్పు,” అంది.

“ఏం లేదు,” అన్నాడు మహేశ్.

చాలా తొందరగా అన్నాడు.

*

తలుపు మీద చిన్నగా రెండు దెబ్బలు పడ్డాయి. జానకమ్మ కొట్టే పద్ధతి కాదు.

గొలుసు సందులోంచి రచన ముఖం కనబడింది. చేతిలో గిన్నె లేదు, గడప పక్కన దించింది. “అక్కా, పొద్దున ఐదింటికి బయలుదేరినం. జర బాత్రూమ్‌కు…”

సౌందర్య గొలుసు తీసింది. రచన చెప్పులు విడిచి లోపలికొచ్చింది. గడప దాటేటప్పుడు ఏ కాలు ముందు పెట్టిందో ఇద్దరూ చూడలేదు. వరండాలో జానకమ్మ ఫోన్ స్పీకర్లో పెట్టి పంతులుతో మాట్లాడుతోంది.

“గడప బయట పొంగిస్తె నడుస్తదా పంతులుగారు?”

“బయట ఎట్ల నడుస్తదమ్మా? ఇంటి లోపల, ఆగ్నేయం మూలకు.”

“వరండ ఆగ్నేయంల పెడ్తె?”

“వరండల కాపురముంటరా వాళ్లు?”

సౌందర్యకు నవ్వొచ్చింది. పొద్దున్నుంచీ మొదటిసారి.

రచన బయటికొచ్చి కొంగుతో ముఖం తుడుచుకుంది. సౌందర్య గ్లాసుతో నీళ్లు ఇచ్చింది. వంటింట్లో నిలబడే తాగింది. తాగుతూ గోడ మీది పిల్ల బొమ్మలు, గూట్లో పప్పు డబ్బాలు, పొయ్యి పక్కన సగం తరిగిన బీరకాయ చూసింది.

“ఖాళీ అయ్యే ఇల్లే అనుకున్నమక్కా. ఇల్లు పోయింది, మనుషులే ఇంక ఉన్నరనుకున్న.”

“ఇల్లు పోతె మనుషులెందుకుంటరు?”

“ఏమో. మా ఇంట్ల గట్లనే ఉన్నం మరి.”

సౌందర్య అర్థం కానట్టు చూసింది. రచన గ్లాసు గట్టు మీద పెట్టి, దాని అంచును వేలితో తిప్పుతూ చెప్పింది.

“హబ్సిగూడల మాది చిన్న ఫ్లాట్. ఆరేండ్లున్నం. ఆగస్టుల ఓనరు ఇరవై రెండు కాదు, ముప్పై అన్నడు. ఈయన జీతం పెరిగింది పద్దెనిమిది వందలు. కాదన్నం. నిన్న కొత్తోళ్లొచ్చి మా ఇంట్లనే పాలు పొంగిచ్చుకున్నరు. మూఢమొస్తదని వాళ్లు గూడ ఇదే మాట. నేను హాల్ల సోఫా మీద కూసున్న, సుట్టాలింటికి పోయినట్టు. ఆమె వచ్చి నాకు పరమాన్నం పెట్టింది. గిన్నె నాదే. చెంచ నాదే. ‘తీసుకోండి, మొహమాటపడకండి’ అంటది.”

“తిన్నవా?”

“తిన్న.” రచన గ్లాసు తిప్పడం ఆపింది. “తినకుంటె బాగుండదని తిన్న. రాత్రి నిద్ర పట్టలే. ఎందుకు తిన్ననా అనుకుంట పడుకున్న.”

ఈ అమ్మాయి మీద పొద్దున్నుంచి కూడగట్టుకున్న కోపాన్ని ఎక్కడ పెట్టాలో సౌందర్యకు తెలియలేదు. అది మోయడానికి సులువుగా ఉన్నంతసేపూ ఎదుటి మనిషికి ముఖం లేదు. ఇప్పుడు ముఖం వచ్చింది, ఆ ముఖం తనది లాగే ఉంది. రేపు తను ఘనపురంలోనో ఇంకెక్కడో ఇంకొకరి తలుపు ముందు గిన్నెతో నిలబడొచ్చు. లోపల ఎవరో బీరకాయ తరుగుతుండొచ్చు.

“కూసో,” అంది స్టూలు జరిపి.

“టైమైతుందేమో అక్కా.”

“కానీ. నీ మీద నాకు కోపం లేదు చెల్లె. కూసో, చాయ పెడ్త. గని గా పాలు మాత్రం నా పొయ్యి మీదికి రావు.”

రచన తలుపు వైపు చూసింది. స్టూలు వైపు చూసింది. కూర్చుంది.

మహేశ్ హాల్లో ఎటూ కాకుండా నిలబడి ఉన్నాడు. భుజాన బ్యాగు ఇంకా దించలేదు.

చాయ మరుగుతుండగా వరండాలో జానకమ్మ ఫోనులో అలారం మోగింది. తొమ్మిది నలభై ఎనిమిది. ముహూర్తం తప్పిపోతుందని పెట్టుకున్న అలారం.

“రచనా, రా బిడ్డా,” తలుపు సందులోంచి పిలిచింది. “మంచిగ మాట్లాడుకున్నరు గదా, ఇగ స్టవ్వు లోపల పెట్టుకుందం. ఆరు నిమిషాలున్నది.”

రచన కదల్లేదు.

“ఏందే, వినవడ్తలేదా?” ఉమేష్ లోపలికి తొంగి చూశాడు.

“వినవడ్తుంది.”

“మరి లే.”

“ఈమె ఒప్పుకుంటనే లేస్త.”

“ఒప్పుకోదు గదా.”

“ఒప్పుకోకపోతె లేవ.”

పెళ్లయిన తొమ్మిదేళ్లలో భార్య ఈ స్వరంతో మాట్లాడటం ఉమేష్ విన్నట్టు లేదు. ఆమె కూడా విన్నట్టు లేదు. తను అన్న మాట ఎవరన్నారో చూడాలన్నట్టు ఒకసారి తల ఎత్తింది.

“మన ఇంట్ల వాళ్లు పొంగిచ్చేసుకున్నరు రచనా. మనకిప్పుడు ఆ ఇల్లు లేదు, ఈ ఇల్లు లేదు.”

“పొంగితె పొంగనీ. తాళంచెవి ఇంక నా బ్యాగులనే ఉన్నది. ఇయ్యలే గదా.”

“ఇయ్యకుంటె ఊకుంటరా?”

“ఊకోరు. గని ఈమె ఊకున్నదా?”

సౌందర్య చాయను మూడు గ్లాసుల్లో పోసింది. ఒకటి రచనకు. ఒకటి తలుపు దగ్గర ఉమేష్‌కు. మూడోది పట్టుకెళ్లి జానకమ్మకు అందించింది. జానకమ్మ తీసుకోలేదు. సౌందర్య దాన్ని గడప పక్కన, పాలగిన్నెకు కొంచెం దూరంగా పెట్టి లోపలికొచ్చింది.

ఆరు నిమిషాలు గడిచాయి. స్టేషన్లో గూడ్సు బండి ఆగకుండా పోయింది. బయట మార్కెట్ యార్డు వైపు పత్తి ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి హారన్ కొట్టుకుంటూ కదులుతున్నాయి. పాల మీద పలచగా మీగడ కట్టడం మొదలైంది, పొంగకుండానే.

“అయిపాయె,” అంది జానకమ్మ. ఆమె గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ ఉంది. ముహూర్తం అనేది ఒక ఆడమనిషి వద్దంటే ఆగిపోగలదని ఆమెకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. వెంటనే భర్తకు ఫోన్ చేసింది. “నువ్వే రావాలె. నాతోటి కాదు.”

*

ప్రకాశం సేటు పావుగంటలో వచ్చాడు. పత్తి సీజను, దుకాణం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. మోచేతుల మీద, కనుబొమల మీద తెల్లటి నూగు. మూడంతస్తులు ఎక్కి ఆయాసపడుతున్నా గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచడు. జనగామ బజార్లో గొంతు పెంచకుండా పని జరిపించుకునేవాళ్లలో ఆయన ఒకడు.

“కూసోవచ్చా టీచరమ్మా?”

“కూసోండ్రి సేటు.”

హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, దస్తీతో ముఖం తుడుచుకున్నాడు. వంటింటి గుమ్మంలో స్టూలు మీదున్న రచనను చూశాడు. చేతిలో గ్లాసును చూశాడు.

“కోపాలు వద్దు. కోపంల కిరాయి పెరగదు, తగ్గదు. నా తాన దుకాణమున్నది, రోజుకు వందమందితోటి మాట్లాడ్త. ఒక్కొక్కరికి ఒక్కో న్యాయముంటది. మీ తాన గూడ ఉన్నది, నేను కాదంటలేను.”

“మరి ఇంకేంది సేటు?”

“గని రాసిచ్చినంక మాట మారుస్తె ఎట్ల?”

“ఎవరు రాసిచ్చిన్రు?”

ప్రకాశం జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి విప్పాడు. విప్పుతుంటే దాని మీదా పత్తి నూగు రాలింది. ఆయన దాన్ని సౌందర్యకు కాక టీపాయ్ మీద, అందరికీ కనబడేలా పెట్టాడు.

సౌందర్య వంగి చదివింది. అచ్చులో నాలుగు వాక్యాలు. నవంబరు ఆఖరుకల్లా ఇల్లు ఖాళీ చేయడానికి తన ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నానని, అంతకుముందు కొత్తవాళ్లు పాలు పొంగించుకోవడానికి అభ్యంతరం లేదని, ఇకమీదట ఈ ఇంటి మీద ఏ హక్కూ అడగనని. కిందామీదా పేర్లు. ఇల్లు కిరాయికి తీసుకున్నప్పుడు కాగితం ఆమె పేరు మీదే రాసుకున్నారు, ఆమె ఉద్యోగం ఇక్కడిది కాబట్టి. ఖాళీ చేసే కాగితమూ ఆమె పేరు మీదే ఉంది.

అడుగున సంతకం. సౌందర్య. తెలుగులో.

ఆమె దాన్ని చాలాసేపు చూసింది. రోజూ నలభై మంది పిల్లల నోటుబుక్కులు దిద్దే మనిషి ఆమె. ఒక రాత వెనకున్న చెయ్యి ఎవరిదో పేరు చూడకుండా చెప్పగలదు. ఈ సంతకం తనది లాగే ఉంది. తన సంతకం కన్నా అందంగా ఉంది. తను రిజిస్టర్‌లో ఆదరాబాదరాగా గీకి పారేసే చివరి గీత ఇక్కడ నిదానంగా, ఒద్దికగా సాగి ఆగింది. ఎన్ని కాగితాల మీద రాసి చూసుకుంటే ఇంత బాగా వచ్చి ఉంటుంది? ఏ మధ్యాహ్నం, ఆ గోదాములో, ఏ అట్టపెట్టెల మీద?

విచిత్రంగా, అంత జాగ్రత్తకు ఆమె గుండె ఒక్కసారి కలుక్కుమంది. తన పేరును ఇంత ఓపికగా ఈ మనిషి ఎప్పుడూ రాసి ఉండడు.

“సంతకం మీదే గదా?” అన్నాడు ప్రకాశం.

ఆమె ఎదుట రెండే దారులు ఉన్నాయి, రెండూ ఆమె ఇంట్లోకే వస్తున్నాయి. అవునంటే ఇల్లు పోతుంది. కాదంటే తన పెళ్లి నలుగురి ముందు టీపాయ్ మీద పడుతుంది, ఆ కాగితం పక్కనే. మహేశ్ తండ్రి పేరు, భూపాలపల్లిలో ఎవరో అన్న ఆ ఒక్క మాట, అన్నీ పడతాయి. ఔననడం ఎంత సులువో ఆమెకు తెలుసు. ఏడేళ్లుగా మూడు గడపల మీద ఆమె చేసింది అదే. అతను చెప్పిన సరేలన్నిటి కిందా తన మౌనం సంతకంలా ఉంది. ఈసారి అతను ఆ మౌనాన్ని కూడా అడగలేదు, తానే వేసుకున్నాడు.

“అక్కా,” అంది రచన మెల్లగా, ఏమీ తెలియకుండానే.

సౌందర్య చెయ్యి చాచింది. “సేటు, జర పెన్ను ఇయ్యుండ్రి.”

ప్రకాశం జేబులోని పెన్ను ఇచ్చాడు. ఆయన ముఖంలో ఒక నిశ్చింత కనబడింది, బేరం తెగినప్పటి నిశ్చింత. జానకమ్మ గడప మీదికి ఒక అడుగు వేసింది.

సౌందర్య కాగితాన్ని తిరగేసింది. తెల్లటి వెనక వైపున, రిజిస్టర్‌లో చేసినట్టే ఆదరాబాదరాగా, చివరి గీతను పక్కకు విసిరేస్తూ తన పేరు రాసింది. రాసి, కాగితాన్ని ఆయన వైపు జరిపింది.

“గిది నా సంతకం. ముందట ఉన్నది నేను పెట్టలే.”

ప్రకాశం కళ్లజోడు పెట్టుకున్నాడు. కాగితాన్ని ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు. వ్యాపారి చూపు అది. నోటు నకిలీదో కాదో చూసే చూపు. అది కాగితం మీద నుంచి లేచి, సౌందర్య భుజం మీదుగా, గోడకు ఆనుకుని నిలబడ్డ మనిషి దాకా వెళ్లి ఆగింది.

“మరి గిదెవరు పెట్టిన్రు?”

సౌందర్య నోటి దాకా జవాబు వచ్చింది. ఆమె దాన్ని చెప్పలేదు. ఇన్నేళ్లూ అతని తరఫున తను మౌనంగా ఉంది. ఇవాళ అతని తరఫున తను మాట్లాడదు కూడా.

వెనకాల టిఫిన్ బ్యాగు భుజం మీద నుంచి జారి నేల మీద పడిన చప్పుడైంది. తర్వాత మహేశ్ గొంతు సవరించుకున్నాడు.